బండి దాకా వచ్చిన అడుగులు

టీవీలో మధ్యలో ఆగిపోయిన దెయ్యం సీరియల్‌ని బొమ్మల పుస్తకంగా కొనసాగించాలని మీరు కొందరు కుర్రవాళ్ళు తలపెట్టారట. ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాడెవడైనా బతికున్నాడా అని వెతికితే నా ఆచూకీ దొరికిందని కబురంపారు. బతికే ఉన్నాను. కాకపోతే మా రోజుల్లో టీవీ లేదు. రేడియో ఉండేది, అదీ పంచాయతీ ఆఫీసు అరుగు మీద. దెయ్యాలు మాత్రం ఇప్పటికంటే ఒళ్ళొంచి పనిచేసేవి.

సలహా చెప్పమన్నారు. సలహా చెప్పేటంత విజయం నాకెప్పుడూ అంటలేదు. ఒక ఓటమి ఉంది, అది చెబుతాను. విజయాలు అన్నం లాంటివి, మర్నాటికి పాచిపోతాయి. ఓటమి ఆవకాయ. ఇన్నేళ్ళయినా ఘాటు తగ్గలేదు.

నేను నరసరావుపేటలో ఒక ప్రెస్సులో బొమ్మలు చెక్కేవాణ్ణి. అంతకుముందు పత్తి బేళ్ళ మీద మార్కాలు వేశాను, కొట్లకు బోర్డులు రాశాను. ప్రెస్సులో చేరాక శుభలేఖల మీద వినాయకుడు, తిరునాళ్ళ కరపత్రాల మీద ఎడ్ల జత, నాటకాల వాల్‌పోస్టర్ల మీద గద పట్టుకున్న భీముడు, అన్నీ చెక్క మీద ఉలితో నా చేతి మీదుగానే. జింకు బ్లాకులు చేయించాలంటే బెజవాడ పంపాలి. మా యజమానికి బెజవాడ దూరమని కాదు, జేబులో చెయ్యి దూరం.

చెక్క మీద బొమ్మను తిరగేసి చెక్కాలి. కుడి ఎడమ కావాలి, ఎడమ కుడి కావాలి. అప్పుడే కాగితం మీద తిన్నగా పడుతుంది. పొద్దస్తమానం ఆ పని చేసి సాయంత్రానికి కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని ఇంటికొచ్చిన రోజులున్నాయి. "మీరు పుట్టటమే తిరగేసి పుట్టినట్టున్నారు" అనేది మా ఆవిడ. ఇల్లాలు చెప్పిందాంట్లో నిజమెంతో ఈ కథ చివర్లో మీరే తేల్చండి.

ఇక మాస్టారి సంగతి. ఆయన గురజాలలో మిషన్ బడిలో తెలుగు చెప్పేవారు. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు పాడించి, మధ్యాహ్నం కూర్చుని రేడియోకి దెయ్యం నాటకం రాసేవారు. ఇదేమిటండీ అంటే, "అది పరిశుద్ధాత్మ, ఇది మామూలు ఆత్మ. ఎవరి వాటా వాళ్ళకి" అనేవారు. సన్నగా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి, ఎవరో గుసగుసలాడుతుంటే వింటున్నట్టుండే మనిషి.

ఆయన నాటకం వారానికోసారి వచ్చేది. కృష్ణ ఒడ్డున ఒక ఊరు. నీళ్ళకెళ్ళి సుడిలో పోయిన కొత్త కోడలు ఆ ఊళ్ళోనే దెయ్యమై తిరుగుతుంటుంది. ఎవర్నీ పట్టదు, పీడించదు. పొద్దువాలే వేళకు వాకిళ్ళ ముందుకొచ్చి ఎవరింట్లో ఏం కూరో అడిగి పోతుంది. ఏడ్చే పిల్లల్ని ఉయ్యాల ఊపి పోతుంది. ఒక అందెల చప్పుడు, ఒక సన్నటి గొంతు, రేడియోలో ఆమె అంత మాత్రమే. ఇంతలో నదికి అడ్డంగా ఆనకట్ట లేస్తుంది. ఊరు మునుగుతుందని తేలుతుంది. జనం బండ్లు కట్టుకుంటారు. ఆఖరి బండి కదలబోతుంటే అందెల చప్పుడు దగ్గరికొచ్చి ఆగుతుంది.

"నన్నూ తీసుకెళ్తారా?" అంటుంది ఆ గొంతు.

అక్కడ వీణ మోగింది. తక్కిన కథ వచ్చే వారం అన్నారు. వచ్చే వారం అదే వేళకు వేరుశనగ తెగుళ్ళ గురించి ఒకాయన మాట్లాడాడు. ఆ పై వారమూ తెగుళ్ళే. మాస్టారికి ఒక కార్డు ముక్క వచ్చింది, ఇక రాయనక్కర్లేదని. దేశం ముందుకు పోతుంటే దెయ్యాలెందుకని ఎవరో పెద్దమనిషికి అనిపించిందని చెప్పుకున్నారు. నిజమేమిటో మాకు తెలియలేదు. తెలిసిందల్లా, మాచర్ల నుంచి వినుకొండ దాకా అరుగుల మీద కూర్చున్న జనానికి ఆ బండి అక్కడే నిలబడిపోయిందని.

అది కథగా విన్నవాళ్ళకు. నిజంగా బండ్లు కట్టుకోబోతున్నవాళ్ళు వేరే ఉన్నారు. అప్పుడు సాగర్ డ్యాం లేస్తోంది. నది పక్క ఊళ్ళు ఖాళీ కావాలని తాఖీదులు వచ్చేశాయి.

మా యజమాని పొలాలున్న రైతు. రాజకీయం ఆయనకు వ్యవసాయం, ప్రెస్సు పెరటి తోట. జనం నోట ఏ మాట నానుతుందో ఆయన చెవికి ముందే తెలిసేది. మాస్టారిని పిలిపించి, రేడియో వదిలేసిన కథను బొమ్మల పుస్తకాలుగా వేద్దాం, పదిహేను రోజులకొకటి, బస్టాండుల్లో అమ్మిద్దాం అన్నాడు. మాస్టారు ఒప్పుకుని మొదటిసారి ప్రెస్సుకొచ్చిన రోజునే ఒక ముసలమ్మ కూడా వచ్చింది.

ఆమెది మునగబోయే ఊరు. నష్టపరిహారం పని మీద ఊరివాళ్ళతో పాటు పేట కోర్టుకొచ్చి, బజార్లో మాస్టారిని చూసి వెంటపడింది. గురజాల రాకముందు మాస్టారు ఆ ఊరి బళ్ళో పనిచేశారు. ఆమె కూతురు ఆయన దగ్గర చదువుకుంది. పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికొచ్చినప్పుడు ఆ పిల్ల నీళ్ళకెళ్ళి సుడిలో పోయింది. ఆ పిల్లను ఏటి ఒడ్డునే పూడ్చారు. ఇదంతా మాస్టారు తర్వాత నాకు చెప్పారు. ఆ రోజు ముసలమ్మ అడిగింది ఒక్కటే.

"అయ్యోరా, ఆ పిల్ల బండెక్కిందా లేదా? అది చెప్పు చాలు."

"పుస్తకంలో వస్తుందమ్మా" అన్నారు మాస్టారు.

"పుస్తకం ఎప్పటికొచ్చుద్దో. ఈ లోపల మేం పోతాం. ఇల్లు మారేటప్పుడు పోయినోళ్ళని పేరెట్టి పిలిచి, బండిలో ఇంత చోటు పెట్టి తోలుకుపోతాం మేము. నీకు తెలవంది కాదు. ఆ పిల్లని ఎవురన్నా పిలిచారా, ఆ సంగతి."

"పిలుస్తారమ్మా. నేను రాస్తాను."

ఆమె వెళ్ళాక నేనడిగాను, ఎక్కిందని ఒక్క మాట చెబితే పోయేది కదండీ అని. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను చెబితే అది నా ఒక్కడి మాటయ్యా. ఓదార్చటానికి చెప్పాడనుకుంటుంది. అచ్చులో వస్తే అందరి మాట. ఊరూరా అందరూ ఆ పిల్లని బండెక్కించినట్టు." రాసేవాళ్ళకు అచ్చు మీద ఉండే నమ్మకం అచ్చు వేసేవాళ్ళకు ఉండదు. అయినా ఆ పూట నేనూ నమ్మాను.

మొదటి చిక్కు ఆమె రూపంతో వచ్చింది. మీకూ వస్తుంది, చూస్తుండండి. రేడియోలో ఆ పిల్లకు అడుగుల చప్పుడు ఉంది గానీ అడుగులు లేవు. గొంతు ఉంది గానీ ముఖం లేదు. ఎవరి ఇంటి పిల్లను వాళ్ళు అనుకున్నారు. బొమ్మ వేయాలంటే ఒక్క పిల్లే కావాలి. మాస్టారు చెప్పినట్టు నేనొక మామూలు అమ్మాయిని వేశాను. నెత్తి మీద బిందె, ఎడమ భుజాన పమిట, కాళ్ళకు అందెలు. యజమాని చూసి పెదవి విరిచాడు.

"ఏందిరా ఇది? దెయ్యం ఏది?"

"ఇదేనండి."

"కాళ్ళు తిన్నగా ఉన్నయ్యేంది? దెయ్యానికి కాళ్ళు ఎనక్కి తిరిగుంటయ్యని పాలు తాగే పిల్లకాయక్కూడా తెలుసు. ఇది చూసినోడు పక్కింటి కోడలు అనుకుంటాడు."

"పక్కింటి కోడలేనండి ఆమె" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"పక్కింటి కోడల్ని చూట్టానికి పుస్తకం కొనాల్నా మాస్టారూ? గోడెక్కితే సరిపోద్ది."

మాస్టారికీ నవ్వొచ్చింది. నవ్విన మనిషి సగం ఓడినట్టే. కాళ్ళు వెనక్కి తిప్పటానికి ఒప్పుకున్నారు, ముఖం మాత్రం మార్చకూడదన్న షరతు మీద. నేను మడమలు ముందుకు, వేళ్ళు వెనక్కి పెట్టి మళ్ళీ చెక్కాను. యజమాని అట్ట మీద కూడా ఆ పాదాలే పెద్దవిగా వేయించాడు. పుస్తకం బస్టాండులో దించటమే ఆలస్యం, పిల్లలు మా ప్రెస్సు ముందు కాళ్ళు మెలితిప్పి నడిచి చూపించేవాళ్ళు. ఒకడు కాలవలో పడ్డాడు.

ఆ నెలల్లో ప్రెస్సు ఎంత కళకళలాడిందో చెప్పలేను. కంపోజింగ్ చూసే సాయిబుగారు నాకంటే చాలా పెద్దవాడు. మాటలో మొరటు, అక్షరం పేర్చటంలో నాజూకు. బొమ్మలో మాటల కోసం నేను వదిలిన బుడగల్లో టైపు ఇమడ్చటం ఆయన వంతు. నేను బుడగ చిన్నది చేస్తే నా వంశాన్ని తలుచుకునేవాడు.

"ఒరేయ్, ఈ దెయ్యం ఇన్ని మాటలు మాట్టాడుద్ది, నువ్వేమో శనగ్గింజంత బుడగ వదిలావు. దాని నోరు కుట్టమంటావా, నా వేళ్ళు కోసుకోమంటావా?"

"మాస్టారికి చెప్పండి, మాటలు తగ్గించమని."

"మాస్టారికి చెప్తే ఆ తగ్గించటం గురించి నాలుగు పేజీలు రాస్తాడు."

మాస్టారు వింటూనే ఉండేవారు. శనివారం బడి కాగానే గురజాల నుంచి బస్సెక్కి వచ్చేవారు. నిజానికి ఆయన రోజురోజుకూ మాటలు తగ్గిస్తూ వచ్చారు. చప్పుళ్ళతో బతికిన మనిషికి బొమ్మ రుచి తగిలింది. "ఇక్కడ ఏమీ వద్దయ్యా, ఆమె వాకిట్లో నిలబడితే చాలు" అనేవారు. సాయిబుగారు ఆకాశం వంక చూసి దండం పెట్టేవాడు.

అలా ఉండగా ఊళ్ళు ఖాళీ చేయించే రోజు వచ్చింది. ముసలమ్మ ఊరి బండ్లు మాచర్ల రోడ్డెక్కుతున్నాయని తెలిసి, మాస్టారు నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. కథలో ఆఖరి బండి ఊహించి గీయొద్దని ఆయన కోరిక. వెళ్ళాను. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని గీశాను. మంచాలు తిరగేసి కట్టారు. వాటి కాళ్ళ మధ్య గాదె బుట్టలు, నాగళ్ళు, తలుపులు, తలుపుల ద్వారబంధాలు కూడా. కోళ్ళ గంప, మేకపిల్ల, తిరగలి, పీకిన తులసి మొక్క. ఇంకెక్కడ సందుంటే అక్కడ పిల్లలు. ఒక్క బండిలోనూ ఆవగింజ పట్టే చోటు లేదు. మళ్ళీ రావటానికి వీల్లేదని చెప్పారట, ఏది వదిలేస్తే అది నీళ్ళపాలే. ధూళిలో ఎవరి ముఖమూ ఆనలేదు. నాకు కావలసింది బండి. వాటిలో ఒక బండిని చక్రం చీలతో సహా కాగితం మీదికి దించాను. నా జన్మలో అంత నిజమైన బొమ్మ గీయలేదనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, అదే తంటా.

ఆఖరి పుస్తకం చేసే రోజుల్లో యజమాని ఊళ్ళో లేడు. పంచాయతీ సమితి ఎన్నికలొచ్చాయి, ఆయన ఊరూరా తిరుగుతున్నాడు. వెళ్తూ వెళ్తూ, "తొందరపడి ముగించబాకండి మాస్టారూ, పాలిచ్చే గేదెని ఎవడన్నా అమ్ముకుంటాడా?" అన్నాడు. మాస్టారు వినలేదు. "వాళ్ళ ఊరు మునిగేలోపు ఈ ముగింపు వాళ్ళ చేతికి అందాలి" అన్నారు. ముంపుకీ ముగింపుకీ పందెం పెట్టుకుని మేం ముగ్గురం పనిచేశాం. యజమాని లేని ప్రెస్సు ఎంత హాయిగా ఉంటుందో ఉద్యోగం చేసినవాడికి చెప్పక్కర్లేదు.

ముగింపు మాస్టారు ఇలా రాశారు. బండి మీది ముసలాయన ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్తాడు. జవాబు రాదు. ముందురోజు వాన పడ్డ నేల. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఆఖరి పేజీ నిండా ఒకటే బొమ్మ. కదిలిపోతున్న బండి, ఖాళీ ఊరు, తడి మట్టిలో ఊళ్ళో నుంచి బండి దాకా వచ్చి ఆగిపోయిన చిన్న చిన్న అడుగుల ముద్రలు. పిల్ల కనిపించదు. మాటలు లేవు.

సాయిబుగారు ఆ పేజీ ప్రూఫు పట్టుకుని, "కింద ఒక ముక్క వేద్దాం మాస్టారూ. 'ఎక్కింది' అని. మూడక్షరాల పని" అన్నాడు.

"వద్దు సాయిబుగారూ. అడుగులు చెప్తున్నాయి కదా."

"అడుగులు చెప్తయ్యి, నిజమే. చెప్పింది వినపడాలి గదా."

"రేడియోలో చాలా చెప్పాను. ఈ ఒక్కటి చూడనివ్వండి."

మాస్టారు ప్రూఫు దగ్గరికి తీసుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సాయిబుగారు కూడా ఆ పూట నన్ను తిట్టలేదు. ముగ్గురం చూశాం. మడమ, మడమ ముందు వేళ్ళు, వేళ్ళన్నీ బండి వైపు. ఎంత చక్కగా నడిచి వచ్చిందో అనుకున్నాం. ముగ్గురం.

పుస్తకం వెళ్ళింది. కొన్నాళ్ళకు మళ్ళీ కోర్టు వాయిదా వచ్చింది. ముసలమ్మ ప్రెస్సుకొచ్చింది. వెంట వాళ్ళ ఊరి యువకుడొకడు. ఆ రోజు శనివారం, మాస్టారు ఉన్నారు. ఆమె రొండిన దోపుకున్న పుస్తకం తీసి, ఆఖరి పేజీ తెరిచి బల్ల మీద పరిచింది. మేం మంచి మాట కోసం ముఖాలు సిద్ధం చేసుకున్నాం.

"మీరందరూ చదువుకున్నోళ్ళు" అంది. "పిల్లని వదిలిపెట్టి వచ్చారే."

మాకు అర్థం కాలేదు. "వదల్లేదమ్మా, చూడు, బండి దాకా వచ్చింది" అన్నాను నేను.

ఆమె ఒక అడుగు ముద్ర మీద వేలు పెట్టింది. "ఇయ్యి వేళ్ళేనా?"

"అవును."

"ఇది మడమేనా?"

"అవునమ్మా."

"దాని కాళ్ళు ఎనక్కి గదయ్యా. మొదటి బుక్కు కాడ్నించీ మీరేగా ఏశారు. వేళ్ళు బండి పక్కకుంటే మనిషి మొగం ఎటుంది? అది వచ్చింది యాడికి? పోయింది యాడికి?"

ట్రెడిల్ అచ్చు మిషను తొక్కే మనిషి కూడా కాలు ఆపేశాడు. నేను పుస్తకం తిప్పి చూశాను, మళ్ళీ తిప్పాను. వెనక్కి తిరిగిన పాదాలతో ఆ ముద్రలు పడాలంటే ఆ పిల్ల బండి దగ్గర మొదలుపెట్టి ఊళ్ళోకి నడవాలి. పిలిచినప్పుడు బండి పక్కనే ఉండి, అందరూ చూస్తుండగా ముఖం తిప్పుకుని మునిగిపోయే ఊళ్ళోకి వెళ్ళిపోయినట్టు. అన్నీ తిరగేసి చెక్కే నాకు, ఆమె కాళ్ళు తిరగేసి ఉన్నాయని ఆ ఒక్క పూటే గుర్తు రాలేదు. రాసిన మాస్టారు మనసులో ఆమెకు ఎప్పుడూ మామూలు కాళ్ళే. ఇక సాయిబుగారు అక్షరాల మనిషి. ఆ పేజీలో ఆయనకు అక్షరమే లేకుండా చేశాం.

మాస్టారు లేచి నిలబడ్డారు. "అమ్మా, ఎక్కిందమ్మా. నేను రాసినవాణ్ణి చెప్తున్నా. అది ఎక్కింది."

ముసలమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "నువ్వు ఎక్కిచ్చినావేమో అయ్యోరా. అది ఎక్కలా."

వెంట వచ్చిన యువకుడు, "మా వాడలో అందరూ అదే అనుకుంటన్నారండి. ఆడోళ్ళు ఏడుస్తన్నారు" అన్నాడు. పుస్తకం మడిచి మళ్ళీ రొండిన దోపుకుని ఆమె వెళ్ళిపోయింది. మాస్టారు తన మాట ఒకటి నిజం చేసుకున్నారు. అచ్చులో వస్తే అందరి మాటే అయింది.

వచ్చే పుస్తకంలో దిద్దుబాటు వేద్దామని మాస్టారు యజమానిని అడిగారు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన యజమాని సంగతంతా విని, పుస్తకం తిప్పి చూసి, పడీ పడీ నవ్వాడు.

"భలే పని చేశారయ్యా. నేను ఆపమన్నా ఆగకుండా ముగించామనుకున్నారు. ముగించలా, మిగిల్చారు. అది ఊళ్ళోనే ఉండిపోయింది గదా, ఇంకేం. రేపు నీళ్ళొస్తయ్యి. నీళ్ళ కింద ఊరు, ఊళ్ళో ఇది. పడవలు పట్టుకు లాగుద్ది. పదేళ్ళు నడుస్తది."

"అది ఎవర్నీ లాగదండి. అది అలాంటి పిల్ల కాదు."

"కాళ్ళు ఎనక్కి తిరగనప్పుడు కాదు మాస్టారూ. ఇప్పుడు అట్టాంటిదే."

మాస్టారు పుస్తకం మీద తన పేరు తీసేయమని మాత్రం అడిగారు. ఆయన అడిగినవాటిలో ప్రెస్సు ఆలస్యం లేకుండా చేసింది అదొక్కటే. మళ్ళీ ఆయన మా గడప తొక్కలేదు. బెజవాడ నుంచి ఎవరో రాసి పంపేవాళ్ళు, నేను చెక్కేవాణ్ణి. పళ్ళు వచ్చాయి, గోళ్ళు వచ్చాయి, కళ్ళల్లో మంటలు వచ్చాయి. మాస్టారు మార్చొద్దన్న ముఖాన్ని నా ఉలే మార్చింది. యజమాని లెక్క తప్పింది, పదేళ్ళు కాదు, ఇంకా ఎక్కువే నడిచింది. నా పెళ్ళాం పిల్లలు ఆ దెయ్యం పెట్టిన అన్నమే తిన్నారు. కాబట్టి నేను మరీ పెద్ద గొంతుతో ఏడవటానికి లేదు.

కానీ మాస్టారు రావటం మానేసిన ఆ మొదటి రోజుల్లోనే ఒక పని చేశాను. ఆఖరి పేజీ కోసం కొత్త చెక్క తీసుకుని, ముద్రలు మాత్రం తిప్పి చెక్కాను. మడమలు బండి వైపు, వేళ్ళు ఊరి వైపు. తక్కినదంతా ఉన్నదున్నట్టే. సాయిబుగారు అడగకుండానే సిరా పూసి మంచి కాగితం మీద ఒక ప్రతి తీసిచ్చాడు. కింద తనంత తాను "ఎక్కింది" అని పేర్చాడు. పెద్ద టైపు. పెళ్ళికూతురి పేరుకి వాడేది.

గురజాలలో దిగి మాస్టారికి చూపించాను. "బాగుంది" అన్నారు. నాతో రమ్మంటే రానన్నారు. "కథ ఒకసారే చెప్పాలయ్యా. రెండోసారి చెబితే సంజాయిషీ అవుతుంది. నువ్వు వెళ్ళు. బొమ్మ వేసినవాడివి, నీ మాట నమ్ముతుందేమో."

ముంపు ఊరివాళ్ళకు మాచర్ల అవతల కొత్త ఊరు ఇచ్చారు. రాళ్ళ నేల, వరసగా గీత గీసినట్టు ఇళ్ళు, ఏ ఇల్లు ఎవరిదో వాళ్ళకే ఇంకా గుర్తు కుదరలేదు. ఎండ పడుతున్న వాకిట్లో ముసలమ్మ కందులు చెరుగుతోంది. నన్ను చూసి, "ఏంది బాబూ, బొమ్మలాయనవి గదా" అంది. కూర్చోమని చేట పక్కకు జరిపింది. నేను కాగితం విప్పి ఆమె ముందు పెట్టాను. తప్పు దిద్దామమ్మా అన్నాను. మడమలు చూపించాను, వేళ్ళు చూపించాను, కింద ఉన్న మాట చదివి వినిపించాను.

ఆమె కాగితాన్ని ఎండ తగిలేట్టు వాల్చి, తీరిగ్గా చూసింది. అడుగుల వెంట వేలు పోనిచ్చింది, ఊరి దగ్గర్నుంచి బండి దాకా.

"ఇప్పుడు బాగుంది. వచ్చింది" అంది.

నా గుండె కుదుటపడింది. మాస్టారికి ఏ మాటల్లో చెప్పాలో కూడా అనుకుంటున్నాను. ఆమె వేలు అక్కడ ఆగలేదు. బండి చక్రం మీదికి, చీల మీదికి, మంచాల మీదికి ఎక్కింది. తిరగలి దగ్గర, కోళ్ళ గంప దగ్గర కాస్త ఆగింది. మేకపిల్లను తడిమింది.

"ఇది మా బండే" అంది. "ఇది మా మేకే. చెవి తెగిందే."

నేనూ కాగితం మీదికి వంగి చూశాను.

"మొదట్లో నాకూ అడుగుల మీదే కోపం వచ్చింది బాబూ. అడుగులు ఎటున్నా ఒకటే. నేనూ పిలిచాలే ఆ పొద్దు, ఏటి కాడ నిలబడి పేరెట్టి పిలిచా. వచ్చే ఉంటది. ఇదిగో, ఇక్కడ దాకా వచ్చి నిలబడుంటది." ఆఖరి ముద్ర మీద వేలు పెట్టింది. "తలుపులు బండిలో ఏసుకున్నాం. దర్వాజాలు ఏసుకున్నాం. తిరగలి రాయి ఏసుకున్నాం. నువ్వే చూడు, ఉన్నదున్నట్టు ఏసినావు. దాన్ని కూచ్చోపెట్టటానికి చోటేదీ ఇందులో?"

ఆమె ఏడవలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టి, మజ్జిగ తాగి పొమ్మంది. తాగాను. మజ్జిగ పుల్లగా లేదు.

బస్సులో వస్తూ ఆ బొమ్మను మళ్ళీ విప్పాను. ఎంత వెతికినా చోటు కనబడలేదు. మొదటి రోజు ప్రెస్సులో ఆమె చెప్పనే చెప్పింది, పిలిచి, చోటు పెట్టి తోలుకుపోతామని. మాస్టారు విన్నారు, నేను విన్నాను. ముగ్గురం పెద్దవాళ్ళం కూర్చుని కాళ్ళ గురించి అంత చర్చ చేశాం గానీ, కూర్చోబోయే చోటు గురించి ఎవరమూ అనుకోలేదు. చోటు పెట్టి ఉంటే అది అబద్ధం బొమ్మ అయ్యేది. ఆ రోజు ఆ రోడ్డు మీద ఏ బండిలోనూ చోటు లేదు. చెబుతున్నాను కదా, నా జన్మలో అంత నిజమైన బొమ్మ గీయలేదు.

మాస్టారికి ఆ సంగతి చెప్పలేదు. ఏమందని అడిగితే, వచ్చిందని ఒప్పుకుంది అన్నాను. ఆయన తృప్తిగా తలూపారు. ఆ మేరకు అబద్ధం కాదు.

ఇప్పుడు మీ చేతిలో కంప్యూటర్లున్నాయి. తిరగేసి చెక్కే బాధ లేదు, అడుగులు తప్పు పడితే ఒక్క నొక్కుడుతో తిప్పేయవచ్చు. మీ దెయ్యం కాళ్ళు ఎటుండాలో మీ యజమాని చెబుతాడు, వినండి, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. బండి మాత్రం మీ చేతిలోదే. దాన్ని నింపే ముందు ఒకసారి నన్ను తలుచుకోండి. తలుచుకుని ఏం చేయాలంటే, అది నాకూ తెలియదు. చోటు వదిలితే అబద్ధం, వదలకపోతే ఆ పిల్ల ఇంకా కిందే నిలబడి ఉంటుంది.